రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌కు ఏ నెలలో వెళ్తే ఏముంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కొలరాడో రాష్ట్రంలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ గురించి డెన్వర్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లను ఏడాది పొడవునా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. డాలస్ నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చేవారు, లాంగ్ వీకెండ్‌కు విమానం టికెట్లు కొనేశాక తీరిగ్గా ఫోన్ చేసేవారు, కొన్ని నెలలు ఉండి వెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలకు మంచుకొండ చూపించాలని ఆశపడేవారు వీరిలో ఎక్కువ. ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి గానీ నెల మారితే జవాబు మారిపోతుంది. ఒక్కోసారి అదే రోజున కొండ కింద ఉన్నవారికి ఒక జవాబు, పైన ఉన్నవారికి మరొక జవాబు చెప్పవలసి వస్తుంది. పదేపదే చెప్పిన సంగతులను ఇక్కడ ఒకచోట రాశాను.

ఈ పార్క్ సరిగ్గా ఎక్కడ ఉంది? ఎస్టెస్ పార్క్ అంటే ఇదేనా?

కాదు. ఎస్టెస్ పార్క్ అనేది ఊరి పేరు. కొలరాడోలో కొండల నడుమ ఉండే విశాలమైన పచ్చిక మైదానాన్ని కూడా పార్క్ అనే అంటారు, ఆ ఊరికి పేరు అలా వచ్చింది. ఫోన్‌లో ఆ పేరు కొట్టుకుని వచ్చి, బజారులో ఐస్‌క్రీమ్ తిని, పార్క్ చూసేశామనుకుని తిరిగి వెళ్లిపోయిన కుటుంబం నాకు తెలుసు. డెన్వర్ నుంచి ఎస్టెస్ పార్క్ సుమారు 70 మైళ్లు, రద్దీని బట్టి గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం. నేషనల్ పార్క్ తూర్పు ద్వారాలైన బీవర్ మెడోస్, ఫాల్ రివర్ ఆ ఊరు దాటాక వస్తాయి. పడమటి ద్వారం గ్రాండ్ లేక్ అనే ఊరి దగ్గర ఉంది.

1915 జనవరి 26న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సంతకంతో ఇది నేషనల్ పార్క్ అయింది. విస్తీర్ణం సుమారు 415 చదరపు మైళ్లు, అందులో దాదాపు మూడో వంతు చెట్టనేది మొలవని ఎత్తులో ఉన్న టండ్రా నేల. ఏటా 40 లక్షలకు పైగా జనం వస్తారు, వారిలో అత్యధికులు జూన్ నుంచి అక్టోబరు మధ్యలోనే వస్తారు.

ఏడాది మొత్తంలో ఏ సమయం మంచిది?

పార్క్ ఏడాది పొడవునా, రోజంతా తెరిచే ఉంటుంది. అయితే ఎప్పుడు మంచిదన్న ప్రశ్నకు మీరు ఏమి చూడాలనుకుంటున్నారో చెప్పకుండా జవాబు చెప్పలేము. కొండ మీది రోడ్డులో కారు నడుపుకుంటూ పైదాకా వెళ్లాలనుకుంటే జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు రావాలి. టండ్రా మీద పూలు చూడాలంటే జూన్ చివరి వారం నుంచి జులై నెలాఖరు వరకు సమయం. ఆస్పెన్ చెట్ల ఆకులు బంగారు రంగుకు తిరగడం, ఎల్క్ మగదుప్పుల కూతలు రెండూ ఒకేసారి కావాలంటే సెప్టెంబరు రెండో సగం. పిల్లలతో మంచులో ఆడుకోవడానికి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి.

నన్ను ఒక్కటే చెప్పమంటే సెప్టెంబరు మూడో వారంలో, శని ఆదివారాలు కాకుండా మంగళవారమో బుధవారమో రమ్మంటాను. సెలవు పెట్టడం కష్టమే, అయినా ఆ కష్టానికి ఫలితం ఉంటుంది. ఎవరైనా ఏప్రిల్ చివరలో గానీ, నవంబరులో గానీ వస్తామంటే వద్దని చెప్పను, కానీ పై రోడ్డు మూసి ఉంటుందని రెండుసార్లు చెబుతాను.

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ వరకు 48 మైళ్లు సాగే ఈ ఘాట్ రోడ్డు 1932లో మొదలైంది. దీని అత్యున్నత బిందువు 12,183 అడుగులు, అంటే 3,713 మీటర్లు. సుమారు 11 మైళ్ల దూరం చెట్ల హద్దుకు పైనే నడుస్తుంది. సాధారణంగా మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నాటికి తెరవాలని ప్రయత్నిస్తారు, అక్టోబరు మధ్యలో మూస్తారు. ఈ తేదీలు మంచు కురవడాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతాయి. తెరిచిన తరువాత కూడా జూన్ మొదటి వారాలలో రాత్రిపూట మంచుగడ్డ పేరుకుంటే తాత్కాలికంగా మూసివేస్తారు.

ఏప్రిల్ మధ్యలో రెండు వైపుల నుంచీ మంచు తొలగించే యంత్రాలు పని మొదలుపెడతాయి. గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మంచు కొన్ని చోట్ల 20 అడుగులకు మించి ఉంటుంది, యంత్రాలు నిన్న తీసినచోట ఈ రాత్రి మళ్లీ గాలి నింపేస్తుంది. తెరిచిన కొత్తలో వెళ్తే రోడ్డుకు ఇరువైపులా కారు కంటే ఎత్తయిన తెల్లని గోడల మధ్య నుంచి నడుపుకుంటూ వెళ్లవచ్చు.

తిరుమల ఘాట్ రోడ్డు అలవాటైనవారు ఒక తేడా గమనించాలి. అక్కడ అంచున పిట్టగోడ ఉంటుంది, ఇక్కడ చాలాచోట్ల ఏమీ ఉండదు. పక్కన కూర్చున్నవారికి లోయ నేరుగా కనిపిస్తుంది. ఎత్తంటే భయపడేవారిని తూర్పు నుంచి పడమటికి వెళ్లేటప్పుడు డ్రైవర్ వెనక సీటులో కూర్చోబెడితే కొంత నయం.

శీతాకాలంలో ఈ రోడ్డు తూర్పు వైపు మెనీ పార్క్స్ కర్వ్ వరకు, పడమటి వైపు కొలరాడో రివర్ ట్రెయిల్ మొదలయ్యే చోటు వరకు మాత్రమే ఉంటుంది. కాబట్టి నవంబరు నుంచి మే వరకు ఎస్టెస్ పార్క్‌లో దిగి గ్రాండ్ లేక్‌లో హోటల్ తీసుకోవడం తెలివైన పని కాదు. పటంలో పక్కపక్కనే కనిపించే ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం అప్పుడు కొండలన్నీ చుట్టి కొన్ని గంటలు పడుతుంది.

ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు అంటే ఏమిటి? మా కారు వెళ్తుందా?

ట్రెయిల్ రిడ్జ్ కంటే ముందు, 1920లో తెరిచిన పాత మట్టిరోడ్డు ఇది. సుమారు 11 మైళ్లు, పైకి మాత్రమే వెళ్లే వన్‌వే, గంటకు 15 మైళ్లకు మించి నడపకూడదు. సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు చివరి వరకే ఉంటుంది. పొడిగా ఉన్న రోజున మామూలు కారు వెళ్తుంది. ఒకసారి ఎక్కితే వెనక్కి తిరగడం కుదరదు కనుక పెట్రోలు, పిల్లల బాత్రూమ్ అవసరాలు చూసుకుని ఎక్కండి.

ఎత్తు వల్ల ఇబ్బంది ఉంటుందంటారు, అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా?

తీసుకువెళ్లవచ్చు, కానీ ఈ విషయం మీద కాస్త నిలబడి ఆలోచించాలి. ఎస్టెస్ పార్క్ ఊరే 7,522 అడుగుల ఎత్తులో, అంటే ఇంచుమించు ఊటీ ఎత్తులో ఉంది. దక్షిణ భారతదేశంలో అన్నిటికంటే ఎత్తయిన కేరళలోని ఆనముడి శిఖరం 2,695 మీటర్లు కాగా, ఇక్కడ కారు వెళ్లే బేర్ లేక్ అనే సరస్సు 9,475 అడుగుల ఎత్తున, అంటే సుమారు 2,888 మీటర్ల దగ్గర ఉంటుంది. మనవైపు శిఖరాగ్రం కంటే ఎత్తయిన చోట మనం కారు దిగుతున్నాము. ట్రెయిల్ రిడ్జ్ పైకి చేరేసరికి ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే.

దీనివల్ల తలనొప్పి, వికారం, నీరసం, రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలుగా కనిపిస్తాయి. ఇవి వయసును చూసి రావు, రోజూ పరుగెత్తే పాతికేళ్ల కుర్రవాడికి వచ్చి అరవై దాటినవారికి రాకపోవడం నేను చూశాను. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుడిని అడిగే రావాలి. మిగిలినవారికి అన్నిటికంటే పని చేసే ఉపాయం తొందరపడకపోవడమే. విమానం దిగిన రోజునే పైకి ఎక్కకుండా ఒక రాత్రి డెన్వర్‌లో, వీలైతే మరో రాత్రి ఎస్టెస్ పార్క్‌లో ఉండి, మూడో రోజు ట్రెయిల్ రిడ్జ్ ఎక్కితే చాలామందికి ఏమీ కాదు. నీళ్లు ఎక్కువగా తాగాలి, మొదటి రోజు మద్యం మానాలి, కడుపు నిండా తినకుండా కొంచెం కొంచెంగా తినాలి.

మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు మేము ఈ మాట పాటించలేదు. హ్యూస్టన్ నుంచి ఉదయం విమానంలో వచ్చారు, మధ్యాహ్నం రెండింటికి ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర 11,796 అడుగుల ఎత్తున నిలబడ్డారు. ఆవిడ సంచిలోని కారప్పూస ప్యాకెట్టు గాలి ఊదిన బుడగలా ఉబ్బి ఉండగా, దాన్ని చూపించి పిల్లలు నవ్వుతుంటే, ఆవిడ మాత్రం తల పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయారు. వెంటనే కిందికి దిగాము. 8,000 అడుగులకు వచ్చేసరికి మామూలుగా మాట్లాడారు. ఎత్తు జబ్బుకు మొదటి మందు అదే: లక్షణాలు పెరుగుతుంటే ఆగకుండా కిందికి దిగడం. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది అత్యవసర పరిస్థితి, దిగుతూనే 911కు ఫోన్ చేయాలి.

టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్ అంటే ఏమిటి? అది లేకుండా వెళ్లలేమా?

రద్దీ పెరిగిపోవడంతో 2020 నుంచి వేసవి నెలల్లో ముందుగా సమయం రిజర్వు చేసుకుని రావాలన్న పద్ధతి పెట్టారు. ఇటీవలి సంవత్సరాలలో ఇది మే చివరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు అమలులో ఉంది. ఇందులో రెండు రకాలు. బేర్ లేక్ రోడ్డు కూడా కలిసిన రిజర్వేషన్ ఉదయం 5 నుంచి సాయంత్రం 6 గంటల మధ్య వచ్చేవారికి అవసరం. ఆ రోడ్డు కాకుండా మిగిలిన పార్క్‌కు మాత్రమే అయితే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య వచ్చేవారికి అవసరం. అంటే ట్రెయిల్ రిడ్జ్ మాత్రమే చూడదలచినవారు ఉదయం 9 లోపల ద్వారం దాటితే రిజర్వేషన్‌తో పని లేదు. నా దృష్టిలో ఎలాగూ ఆ వేళకే రావాలి, దానికి కారణం కింద పిడుగుల దగ్గర చెబుతాను.

రిజర్వేషన్లు రిక్రియేషన్ డాట్ గవ్‌లో, నెల మొదటి తేదీ ఉదయం 8 గంటలకు, తరువాతి నెలకు విడుదల అవుతాయి. జులై శనివారాలు నిమిషాల్లో అయిపోతాయి, మన తత్కాల్ టికెట్ల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. కొన్నిటిని ఆపి ఉంచి ముందు రోజు సాయంత్రం 7 గంటలకు వదులుతారు. రిజర్వేషన్ రుసుము 2 డాలర్లు, ఇది ప్రవేశ రుసుముకు అదనం. మీకిచ్చిన రెండు గంటల వ్యవధిలో ఎప్పుడైనా లోపలికి రావచ్చు, వచ్చాక ఎంతసేపైనా ఉండవచ్చు. తేదీలు, వేళలు ఏటా కొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

ప్రవేశ రుసుము ఎంత? ఇండియా నుంచి వచ్చినవాళ్లకు వేరేగా ఉంటుందా?

కారుకు ఒక రోజుకు 30 డాలర్లు, ఏడు రోజులకు 35 డాలర్లు. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. ఏడాదిలో మూడు నాలుగు నేషనల్ పార్కులు చూసే ఆలోచన ఉంటే 80 డాలర్ల వార్షిక పాస్ లాభం.

2026 జనవరి 1 నుంచి ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. అమెరికాలో నివసించని, 16 ఏళ్లు నిండినవారు ఎక్కువ రద్దీ ఉండే 11 పార్కులలో మామూలు రుసుముతో పాటు మనిషికి 100 డాలర్లు అదనంగా చెల్లించాలి, ఆ పదకొండింటిలో రాకీ మౌంటెన్ ఒకటి. నివాసేతరులకు విడిగా 250 డాలర్ల వార్షిక పాస్ ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులతో వేసవిలో ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ కూడా చూడాలనుకునేవారు బయలుదేరే ముందే ఈ లెక్క వేసుకోవాలి, ద్వారం దగ్గర కారు ఆపి వేసుకోకూడదు. ఇక్కడ నివసించేవారు తమ డ్రైవింగ్ లైసెన్సు వెంట ఉంచుకోవాలి.

వేసవిలో ఉదయమే రమ్మని అందరూ ఎందుకు చెబుతారు?

పిడుగుల వల్ల. జులై, ఆగస్టు నెలల్లో ఉదయం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. పదకొండు గంటలకు శిఖరాల వెనక దూదిపింజల్లాంటి మబ్బులు కనిపిస్తాయి, ఒంటిగంటకు అవి పైకి ఎదిగి అడుగు నల్లబడుతుంది, రెండు గంటలకు వడగళ్లు, ఉరుములు మొదలవుతాయి. ఎండకు నేల వేడెక్కి తేమగాలి కొండవాలు వెంట పైకి లేవడమే దీనికి కారణం. కింద ఊళ్లో ఉన్నవారికి అది ఒక జల్లు. టండ్రా మీద నిలబడినవారికి మాత్రం చుట్టుపక్కల తమకంటే ఎత్తయినది మరొకటి ఉండదు. 2014 జులైలో వరుసగా రెండు రోజులలో ఇద్దరు సందర్శకులు ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ప్రాంతంలో పిడుగుపాటుకు చనిపోయారు. వారు పర్వతారోహకులు కారు, రోడ్డుకు దగ్గర్లోనే ఉన్నారు.

అందువల్ల మధ్యాహ్నానికల్లా చెట్ల హద్దు కిందికి దిగేలా రోజును అమర్చుకోవాలి. ఉరుము వినిపించిందంటే ఫోటో సంగతి మరిచిపోయి కారులోకి వెళ్లి అద్దాలు ఎక్కించుకోండి. విడిగా నిలబడిన చెట్టు కింద గానీ, రాతి అంచున గానీ నిలబడవద్దు.

ఒక్క రోజే సమయం ఉంది, ఎలా చూడాలి?

వేసవిలో అయితే ఉదయం ఏడింటికి ద్వారం దాటి, నేరుగా ట్రెయిల్ రిడ్జ్ పైకి వెళ్లండి. మెనీ పార్క్స్ కర్వ్, రెయిన్‌బో కర్వ్, ఫారెస్ట్ కాన్యన్ దగ్గర ఆగుతూ ఆల్పైన్ విజిటర్ సెంటర్ చేరి, వీలుంటే మరి కొద్ది దూరం ముందుకు మిల్నర్ పాస్ దాకా వెళ్లండి. 10,758 అడుగుల ఎత్తులో ఉన్న ఆ కనుమ ఖండాన్ని రెండుగా చీల్చే నీటి విభజన రేఖ. అక్కడి బోర్డుకు ఒక పక్కన కురిసిన వాన అట్లాంటిక్ వైపు, మరో పక్కన కురిసినది పసిఫిక్ వైపు దారి పడుతుంది. అక్కడి నుంచి వెనుదిరిగి మధ్యాహ్నానికి కిందికి వచ్చి, భోజనం చేసి, బేర్ లేక్ రిజర్వేషన్ ఉంటే మూడింటి తరువాత అటు వెళ్లవచ్చు. అప్పటికి పార్కింగ్ దొరక్కపోతే వేసవిలో నడిచే ఉచిత షటిల్ బస్సులు ఎక్కండి.

పెద్దవాళ్లు ఎక్కువ నడవలేరు. వాళ్లు చూడగలిగేవి ఏమున్నాయి?

స్ప్రేగ్ లేక్ అన్నిటికంటే అనువైనది. సరస్సు చుట్టూ మైలుకు లోపే ఉండే చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. పొద్దున్నే గాలి లేచే లోపు వెళ్తే మంచుశిఖరాలు నీటిలో తలకిందులుగా కనిపిస్తాయి. బేర్ లేక్ చుట్టూ తిరిగే బాట కూడా చిన్నదే గానీ ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. ఇంకొంత నడవగలవారు అక్కడి నుంచి అర మైలు పైకి వెళ్తే నింఫ్ లేక్, మైలు దాటాక డ్రీమ్ లేక్, సుమారు 1.8 మైళ్లకు ఎమరాల్డ్ లేక్ వస్తాయి. ట్రెయిల్ రిడ్జ్ అయితే కారులో కూర్చునే చాలావరకు చూడవచ్చు.

ఆల్పైన్ విజిటర్ సెంటర్ పక్కన మెట్లబాట ఒకటి ఉంది. చూడటానికి చిన్నది, కానీ 12,000 అడుగుల ఎత్తున మెట్లెక్కడం ఎలా ఉంటుందో పదో మెట్టు దగ్గర తెలుస్తుంది. పెద్దవాళ్లను దాని జోలికి పోనివ్వవద్దు.

టండ్రా మీద నడవవద్దంటారెందుకు? అది మామూలు గడ్డే కదా?

చూడటానికి గడ్డిలాగే ఉంటుంది. వంగి చూస్తే బొటనవేలి గోరంత నీలిపూల మొక్కలు, మెత్తని దిండులాగా రాతిని అంటుకుని పెరిగినవి కనిపిస్తాయి. అక్కడ మొక్కలు పెరిగే కాలం ఏడాదికి కొన్ని వారాలే కనుక, బూటు కింద నలిగిన చోటు కోలుకోవడానికి ఏళ్లూ దశాబ్దాలూ పడుతుంది. బాట ఉన్నచోట బాట మీదే నడవాలి. ఆ రాళ్ల మధ్య నుంచి ‘చీం’ అని పిలిచినట్టు సన్నని కూత వినిపిస్తే అది పికా, కుందేలు జాతికి చెందిన గుప్పెడంత జంతువు. చలికాలం తిండికోసం వేసవంతా గడ్డి కోసి ఎండబెట్టుకుంటుంది. రాతి మీద బద్ధకంగా పడుకుని ఎండ కాచుకునేది మార్మాట్, అది చలికాలమంతా నిద్రలోనే గడుపుతుంది.

సెప్టెంబరులో ఎల్క్ దుప్పులు కూస్తాయంటారు, ఎక్కడ చూడాలి?

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు వాటి జతకట్టే కాలం. సాయంత్రం వేళ మొరేన్ పార్క్, హార్స్‌షూ పార్క్, పడమటి వైపు కవునీచి లోయ పచ్చికలలోకి మందలు దిగుతాయి. అంత పెద్ద కొమ్ముల జంతువు నుంచి గంభీరమైన గర్జన వస్తుందని ఎదురుచూస్తాము. వచ్చేది మాత్రం లోతుగా మొదలై సన్నని వేణువు మీదికి ఎక్కి, చివర దగ్గుతో తెగిపోయే కూత. మొదటిసారి విన్నప్పుడు ఎవరి పిల్లవాడో ఈల వేస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాను.

ఈ మందలు ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నవని అనుకోవడం సహజం. నిజానికి పందొమ్మిదో శతాబ్దం చివరికి వేట వల్ల ఈ ప్రాంతంలో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1913, 1914 సంవత్సరాలలో ఎల్లోస్టోన్ ప్రాంతం నుంచి తెచ్చి వదిలినవాటి సంతతి ఇప్పుడు ఎస్టెస్ పార్క్ వీధుల్లో ట్రాఫిక్ ఆపుతోంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం 5 గంటల నుంచి మరునాటి ఉదయం వరకు ఆ పచ్చికలలోకి కాలు పెట్టడం నిషిద్ధం, రోడ్డు పక్క నుంచే చూడాలి.

జంతువులకు ఎంత దూరంలో ఉండాలి?

ఎల్క్‌కు, కొండగొర్రెలకు కనీసం 75 అడుగులు. మూస్ అనే పెద్ద దుప్పికి, ఎలుగుబంటికి 120 అడుగులు. మూస్ నెమ్మదిగా, గేదెలా కనిపిస్తుంది కనుక మనవాళ్లు దగ్గరికి వెళ్తుంటారు, అది మాత్రం చెవులు వెనక్కి వాల్చిందంటే మీదికి వచ్చేస్తుంది. ఉడతలకు పల్లీలు, చిప్స్ వేయడం కూడా చట్టరీత్యా నేరమే. పుణ్యమని అనుకోవద్దు, మనుషుల తిండికి అలవాటు పడిన ప్రాణి చలికాలానికి సిద్ధం కాదు.

శీతాకాలంలో వెళ్లడం దండగా?

దండగ కాదు. పై రోడ్డు ఉండదు కానీ బేర్ లేక్ రోడ్డు ఏడాదంతా తెరిచే ఉంటుంది, రిజర్వేషన్ అక్కరలేదు, జనం పలుచగా ఉంటారు. హిడెన్ వ్యాలీ అనే చోట, ఒకప్పటి స్కీ మైదానంలో, పిల్లలు స్లెడ్లు (కూర్చుని జారే బల్లలు) తెచ్చుకుని మంచు మీద జారవచ్చు. అవి పార్క్‌లో అద్దెకు దొరకవు, ఎస్టెస్ పార్క్‌లో తీసుకోవాలి. గడ్డకట్టిన డ్రీమ్ లేక్ దాకా, మంచులో కూరుకుపోకుండా బూట్లకు కట్టుకునే స్నోషూలతో నడవడం మొదటిసారి వచ్చినవారికి కూడా సాధ్యమే. సరస్సు మీది మంచు మీదికి మాత్రం వెళ్లకండి, ఎంత మందంగా ఉందో పైనుంచి తెలియదు.

చలికంటే గాలి ఎక్కువ బాధిస్తుంది. కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుపోయే గాలి జనవరిలో మామూలు సంగతి. మంచు పడే రోజుల్లో కారుకు తగిన టైర్లు ఉండాలన్న నియమం అమలులోకి వస్తుంది, అద్దెకారు తీసుకునేటప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం, మంచుకు పనికొచ్చే టైర్లు ఉన్నాయో లేదో కళ్లతో చూసి తీసుకోండి. నిటారు మంచువాలుల మీద హిమపాతాల ప్రమాదం ఉంటుంది కనుక గుర్తించిన బాటలు దాటి వెళ్లవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో వసంతం ఎలా ఉంటుంది?

వసంతమని పేరే గానీ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఇటు తూర్పు వాలున బరువైన మంచు కురుస్తుంది. మే నెలలో డెన్వర్‌లో చొక్కాతో తిరుగుతూ, బేర్ లేక్ దగ్గర మోకాలి లోతు మంచులో కూరుకుపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. పగటి ఎండకు మెత్తబడిన మంచు మనిషి బరువు ఆపలేదు, కాబట్టి నడవదలిస్తే తెల్లవారగానే నడవాలి. కింది లోయలు మాత్రం అప్పుడే పచ్చబడుతుంటాయి, మే నుంచి ఆగస్టు మధ్య దాకా షీప్ లేక్స్ దగ్గరికి కొండగొర్రెలు ఉప్పుమట్టి నాకడానికి దిగుతాయి.

లాంగ్స్ పీక్ ఎక్కవచ్చా?

14,259 అడుగుల ఈ శిఖరం పార్క్‌లో అన్నిటికంటే ఎత్తయినది. మామూలుగా వెళ్లే కీహోల్ మార్గం రానూపోనూ 15 మైళ్ల వరకు ఉంటుంది, చివరి భాగం నడక కాదు, చేతులతో పట్టుకుని పాకడం. అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటలకే బయలుదేరతారు. కొలరాడోలో మరికొన్ని తేలిక శిఖరాలు ఎక్కిన అనుభవం లేనివారికి దీన్ని నేను సిఫారసు చేయను.

భోజనం సంగతేమిటి?

పార్క్ లోపల తినడానికి దొరికేది ఆల్పైన్ విజిటర్ సెంటర్ పక్కనున్న దుకాణంలోనే, అదీ రోడ్డు తెరిచి ఉన్న కాలంలోనే. పెట్రోలు బంకు లోపల ఎక్కడా లేదు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని రావడమే మేలు, ఎండలో కారులో పెరుగు పులవకుండా చిన్న ఐస్‌పెట్టె పెట్టుకోండి. తిన్నవన్నీ తిరిగి సంచిలో వేసుకోవాలి, ఎలుగుబంట్లు తిరిగే చోటు కనుక తిండి బయట వదలకూడదు.

ఎస్టెస్ పార్క్‌లో వంటగది ఉన్న క్యాబిన్ తీసుకునేవారికి ఒక సలహా. ఆ ఎత్తున నీళ్లు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, దాంతో విడిగిన్నెలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, రెండు విజిళ్లు అదనంగా రానివ్వండి.

ఏ బట్టలు తెచ్చుకోవాలి?

జులైలో కూడా స్వెటర్, గాలి ఆపే జాకెట్టు కావాలి. పైన కింద కంటే 20 నుంచి 30 డిగ్రీల ఫారన్‌హీట్ చల్లగా ఉంటుంది. అమ్మలు చీరలో వస్తే రావచ్చు, లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకు చెప్పులు కాకుండా సాక్సు, బూట్లు ఉంటే చాలు. ఎత్తున ఎండ చర్మాన్ని త్వరగా మాడుస్తుంది, మంచు మీద మరీను. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మరిచిపోవద్దు.

పడమటి వైపు చెట్లన్నీ ఎందుకు మాడిపోయి ఉన్నాయి?

2020 అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్‌సమ్ అనే కార్చిచ్చు గాలి ఊపుకు ఖండ విభజన రేఖను దాటి తూర్పు వైపుకు దూకింది. అదే ఏడాది కామెరాన్ పీక్ మంట కూడా కలిసి పార్క్‌లో సుమారు 30,000 ఎకరాలు కాలిపోయాయి. కవునీచి లోయలో నల్లని మొద్దుల మధ్య ఇప్పుడు పచ్చిక, పూలు మొలుస్తున్నాయి. కాలిన చెట్లు గాలికి అకస్మాత్తుగా కూలతాయి కనుక వాటి కింద కూర్చోవద్దు.

కుక్కను, డ్రోన్‌ను తీసుకురావచ్చా?

డ్రోన్ ఎగరేయడం పూర్తిగా నిషిద్ధం. కుక్కను పార్కింగ్ స్థలాల్లో, క్యాంపుగ్రౌండ్లలో, రోడ్డు పక్కన తాడు కట్టి ఉంచవచ్చు గానీ ఏ ట్రెయిల్ మీదికీ తీసుకువెళ్లకూడదు.

ఆ రోజు రోడ్డు తెరిచి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పార్క్ అధికారిక పేజీలో రోడ్ల స్థితి చూపిస్తారు, ట్రెయిల్ రిడ్జ్ కోసం ప్రత్యేకంగా రికార్డు చేసిన ఫోన్ సందేశం కూడా ఉంది. రెండూ ఎస్టెస్ పార్క్ వదలకముందే చూసుకోండి. ద్వారం దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రిజర్వేషన్ కాగితం కూడా అంతే, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోకపోతే ద్వారం దగ్గర వెనక కార్లవాళ్లు చూస్తుండగా తెర మీద తిరుగుతున్న చక్రాన్ని రేంజర్‌కు చూపించవలసి వస్తుంది.